ఒట్టు పెట్టని చెయ్యి

గన్‌మన్ డ్యూటీ పడిందని మురిసిపోతున్న కుర్ర కానిస్టేబుళ్లు మొన్న మా ఇంటికి వచ్చి, ఆ డ్యూటీలో ఏం జాగ్రత్తగా చూసుకోవాలని అడిగారు. మోకాళ్లు చూసుకోండి అన్నాను. నేనేదో తమాషాకు అన్నాననుకుని నవ్వుకుంటూ పోయారు. నా సర్వీసులో సగం నాయకుల వెనక నిలబడడంతోనే గడిచింది. తుపాకి ఒక్కసారి కూడా పేలలేదు. మోకాళ్లు మాత్రం రెండూ పోయాయి.

గన్‌మన్ అంటే గోడ అనుకోండి. గోడలకు చెవులుంటాయంటారు, నోరుంటుందని ఎవరూ అనలేదు. కారులో ముందు సీట్లో కూర్చుంటాం, వెనక సీట్లో జిల్లా రాజకీయం నడుస్తుంది. విన్నది విన్నచోటే వదిలి దిగిపోవాలి. అంత ఉద్యోగంలోనూ నేను అడగకుండా నోరు తెరిచింది ఒక్కసారే. అది మీకు చెప్తాను. పేర్లు మాత్రం చెప్పను. ఇందులో కొందరు ఇంకా పదవుల్లో ఉన్నారు, కొందరు మట్టిలో కలిశారు. ఎవరితోనూ తగాదా పెట్టుకునే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేండ్లు అయి ఉంటుంది. నాది తెలకపల్లి దిక్కు మెట్ట చేన్ల పల్లె. పోస్టింగు వనపర్తికీ గద్వాలకూ నడుమ తిరిగే ఒక నాయకుడి దగ్గర. ఆయనను సారు అంటాను. నాతోపాటు ఇంకొక గన్‌మన్ ఉండేవాడు, నాగర్‌కర్నూల్ మనిషి, ముసల్మాను, నాకన్నా పదేండ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి. మంచి మనిషే గానీ, మాటకు ముందొక కసమ్, వెనకొక కసమ్ ఉండాల్సిందే. "అల్లా కసమ్, చాయ్‌ల చక్కెర తక్కువైంది" అనేవాడు. చక్కెర సంగతికి పైవాణ్ణి సాక్ష్యానికి పిలవడం దేనికని నేను ఎగతాళి చేస్తే, "పిలిస్తే వస్తడా ఏంది, పిలుసుడే మన పని" అని నవ్వేవాడు.

ఆ ఏడు మండల ఎన్నికలొచ్చాయి. మండలంలో ఒక పెద్ద ఊరి పక్కన ఒక గేరి ఉంది. మా పాలమూరులో వాడను గేరి అంటారు. తెల్లదొరలు ఈ దిక్కున దవాఖాన, బడి పెట్టిన కాలంలోనే ఆ గేరి మొత్తం క్రైస్తవంలోకి వచ్చిందట. వాళ్ల పద్ధతి గట్టిది. సారా ముట్టరు, కల్లు ముట్టరు, సినిమా చూడరు. ఆడవాళ్లకు నగ లేదు, బొట్టు లేదు. జాతరలో ప్రసాదం పెడితే చేతులు వెనక్కి పెట్టుకుంటారు. పక్క ఊరివాళ్లు వాళ్లను ఉప్పూకారం లేనోళ్లు అనేవాళ్లు.

అలాంటిచోట ఓట్లు ఎట్లా అడగాలో సారు మనుషులకు పాలుపోయేది కాదు. వాళ్లకు తెలిసిన విద్యలు రెండే, సీసా ఒకటి, మేకపోతు ఒకటి. ఆ రెండూ అక్కడ చెల్లవు. చివరికి ఆదివారం పూట చర్చికి పోవడమొక్కటే దారి అని తేలింది. సారు తెల్లచొక్కా వేసుకుని ముందువరసలో చాప మీద కూర్చున్నాడు. మేమిద్దరం బూట్లు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాం. అక్కడి పాస్టరును వాళ్లు అయ్యగారు అంటారు. ఆయన సారు కోసం ప్రార్థన చేశాడు. ప్రార్థన అయ్యాక సారు మొఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నిలవకుండా అయ్యగారు ఒక మాట కలిపాడు.

"అధికారంల ఎవలున్నా వాళ్ల కోసం ప్రార్థన చెయ్యాలె సార్. అది మాకు ఆజ్ఞ. పోయినసారి అవతలోళ్లు ఉంటే వాళ్లకు గూడ చేసినం."

సారు అది విననట్టే ఉండి, "మరి మీకు కావాల్సిందేంది అయ్యగారూ?" అని అడిగాడు.

వాళ్లకు కావలసింది సమాధుల జాగా. చనిపోయినవాళ్లను వాగు ఒడ్డున పూడ్చేవాళ్లు. పెద్ద వాన పడ్డ ఏడు వాగు ఒడ్డును కోసుకుపోయేది. ఒడ్డుతోపాటు ఇంకేం పోయేదో వేరే చెప్పనక్కర్లేదు. సారు లేచి నిలబడి, తలమీద చెయ్యి పెట్టుకుని, "మా అమ్మ మీద ఒట్టు. ఈ జాగ సంగతి నాది" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొందరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు జాగా గురించి అనుమానం వచ్చిందని అప్పుడనుకున్నాను.

సారుకు ఆ గేరి నుంచి ఒక మనిషి కావాలి. అక్కడి సీటు ఆడవాళ్లకు పోయింది. ఎవరిని నిలబెడదామంటే, "ప్రార్థన చేసి చెప్తం" అన్నాడు అయ్యగారు. ముసలివాళ్లు లోకం పని మనకెందుకని కూర్చున్నారట. కుర్రవాళ్లు మాత్రం, రాష్ట్రంలో పైకుర్చీలో మన విశ్వాసే ఉన్నాడు, కింద మనమెందుకు ఉండొద్దని పట్టుబట్టారట. ఆ రోజుల్లో ఆ మాట పల్లెపల్లెకూ తిరిగింది. పైనాయన మనోడు, కాబట్టి ఆయన పార్టీ మనది, కాబట్టి ఆ పార్టీ నాయకుడు మనోడు. సారు అంతకుముందు ఎప్పుడూ చర్చి గడప తొక్కలేదు గానీ, ఆ లెక్కలో ఆయన కూడా సగం విశ్వాసి అయిపోయాడు. గేరి మొత్తం ఉపవాసం ఉండి, చివరికి ఒక పేరు చెప్పింది. "టికెట్టు కోసం పైరవీ చేసినోళ్లను చూసిన గాని, ఉపాసమున్నోళ్లను చూడలే" అన్నాడు సారు కారులో.

ఆమెను అందరూ ఆయమ్మ అనేవాళ్లు. మిషన్ దవాఖానలో చాలా ఏండ్లు ఆయాగా పనిచేసింది. భర్త లేడు. తెల్లచీర, నూనె పెట్టి బిగించిన జడ, చంకలో గుడ్డసంచి. ఆ ఊళ్లో హిందువుల పిల్లల్లో కూడా సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. సారు ముందు నిలబడి ఆమె అన్న మాట ఇంతే:

"మీరు నిలవడుమన్నరు, సంఘం పొమ్మన్నది. గెలిస్తే మీ దిక్కు చెయ్యి లేపుత సారూ."

గెలిచింది. మండలంలో సారు మనుషులు ఏడుగురు గెలిచారు, అవతలివాళ్లు ఆరుగురు. ఈ పదముగ్గురూ ఒకచోట కూర్చుని చేతులెత్తి మండల అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఒక్క చెయ్యి అటుపోతే కుర్చీ పోయినట్టే. అందుకని గెలిచిన ఏడుగురినీ బస్సెక్కించి ఊళ్లు తిప్పడం మొదలుపెట్టారు. దాన్ని క్యాంపు అంటారు. పెండ్లివారికి జరిగినట్టు మర్యాదలు, దొంగలకు పెట్టినట్టు కాపలా. సారు కుర్చీలో కూర్చోబెట్టాలనుకున్నది ఒక కాంట్రాక్టరును. రైసుమిల్లు ఓనరు ఒకాయన తనకు కావాలని అలిగితే, మొదటి రెండున్నరేండ్లు కాంట్రాక్టరు, తర్వాత రెండున్నరేండ్లు నువ్వు అని ఒప్పించాడు.

క్యాంపు అంటే సగం తీర్థయాత్ర. తుంగభద్ర దాటాం, కృష్ణ దాటాం, దారిలో ఏ గుడి కనబడితే ఆ గుడి దగ్గర బస్సు ఆగింది. అందరూ దిగి దండం పెట్టుకుని వచ్చేవాళ్లు. ఆయమ్మ దిగేది కాదు. ఆమె ఒక్కతే ఉంటే అవతలివాళ్లు ఎత్తుకుపోతారని మమ్మల్నిద్దరినీ బస్సులో ఉంచేవాళ్లు. అట్లా ఆమెతో ముచ్చట్లు కలిశాయి. అన్నం ముందు కండ్లు మూసుకుని ప్రార్థన చేసేది. మొదటిరోజు పక్కసీట్లో ఆడవాళ్లు మూతులు తిప్పారు. మూడోరోజుకు ఆమె కండ్లు తెరిచేదాకా వాళ్లూ ముద్ద నోట్లో పెట్టలేదు.

భాయ్ ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "గుళ్లకు పోతే నీకు ఏమైతది ఆయమ్మా? ఊకె నిలవడి రారాదు."

"మొక్కని కాడికి పోయి మొక్కినట్టు నిలవడితే అబద్ధమైతది గద అన్నా. మీరు దిగుతలేరు గద, మిమ్మల్ని ఎవలూ అడుగుతలేరు."

"నాది డ్యూటీ."

"నాది గూడ గదే అనుకో."

భాయ్ నవ్వాడు. నేను అసలు సంగతి అడిగాను. మీ గేరి ఓట్లన్నీ సారుకే ఎందుకు పడ్డాయి, పైన మీ మతం ఆయన ఉన్నాడనా అని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"పిలగాండ్లు గట్లనే అంటరు తమ్మీ. పైనున్నాయన ప్రార్థన చేస్తడట, మంచిదే. ఆయన ప్రార్థన ఆయనకు. మా పీనుగులు వాగుల వోతున్నయ్. గది చూస్త అన్నందుకు నేనొచ్చిన. మా ఇంటాయనను గూడ ఆడనే పెట్టినం. మొన్నటి పెద్దవానకు ఆ దరి లేదు."

భాయ్ కసమ్ మరిచిపోయి కూర్చున్నాడు. మా ఇండ్లల్లో పోయినవాళ్లకు ఒక జాగా ఉంది, మేం ఎప్పుడూ దాని గురించి ఆలోచించే అవసరం రాలేదు.

ఎన్నిక ముందురోజు తిరిగి వస్తూ బీచుపల్లి హనుమంతుడి గుడి దగ్గర ఆపారు. అంజన్న ముందు ఒట్లు వేయించడం సారు పద్ధతి. కర్పూరం వెలిగిస్తారు, దాని మీద అరచెయ్యి పెట్టి ఆర్పి, చెయ్యి మనవాళ్లకే లేపుతానని చెప్పాలి. అలా చెప్పినవాళ్లు మాట తప్పితే వంశం నిలవదని నమ్మకం. ఆరుగురూ ఆర్పారు. రైసుమిల్లాయన అందరికన్నా గట్టిగా చెప్పి, కమిలిన అరచెయ్యి బస్సంతా తిరిగి చూపించాడు.

ఆయమ్మ సంగతి సారు ముందే ఆలోచించి పెట్టాడు. కర్నూలులో ఒక కొత్త బైబిల్ కొనిపించాడు. "ఎవరి దేవుడు వాళ్లకు. మనం ఎవలినీ బలవంతం చెయ్యం" అని తనే స్వయంగా బస్సెక్కి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కండ్లకద్దుకుని సారుకు తిరిగి ఇచ్చింది.

"ఒట్టు పెట్ట సారూ."

"కర్పూరం కాదమ్మా, మీ బైబిలే."

"ఇది చదువుకునేది సారూ, ఒట్టు పెట్టేది కాదు. మా సంఘంల ఒట్టు లేదు. అవునంటే అవును, కాదంటే కాదు. గంతే."

బస్సు చల్లబడిపోయింది. ఆరుగురూ ఆమెవైపు తిరిగారు. ఇంతసేపూ మంచిది అనుకున్న మనిషి ఒక్క నిమిషంలో అమ్ముడుపోయిన మనిషి అయిపోయింది. అవతలివాళ్ల నుంచి ఏం ముట్టిందో, ఒట్టు పెడితే పాపం తగులుతుందని భయపడుతోందని గుసగుసలు మొదలయ్యాయి. సారు అయ్యగారికి ఫోను కలిపాడు. అయ్యగారిది ప్రసంగాలు చేసే గొంతు. ఫోను సారు చెవి దగ్గర ఉన్నా మాకందరికీ వినబడింది.

"మా సంఘంల ఎవలూ ఒట్టు పెట్టరు సార్. పెట్టినోళ్లను నిలదీస్తం."

"మరి నేనెట్ల నమ్మాలె?"

"మీ దిక్కు లేపుత అన్నదా?"

"అన్నది."

"ఇగ అయిపాయె గద సార్."

సారుకు అది అయిపోయినట్టు కనబడలేదు. ఫోను జేబులో పెట్టి ఆమె ముందుకు వంగి, "ఒట్టు పెట్టనోళ్లను ఎట్ల నమ్ముతరమ్మా?" అన్నాడు.

ఆమె గొంతు పెంచకుండానే అంది. "పెట్టేటోళ్లకే గింత కావలి పెట్టిన్రు గద సారూ."

భాయ్ దగ్గు వచ్చినట్టు మొఖం పక్కకు తిప్పుకున్నాడు. సారు బస్సు దిగి కారెక్కాడు, వెనకే మేమూ ఎక్కాం.

ఇక్కడ సారు చేసిన తప్పు మీరు గమనించాలి. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. మనుషులను చూడడంలో జిల్లాలో ఆయన్ని మించినవాళ్లు తక్కువ. కానీ ఆయన ముప్పయ్యేండ్ల రాజకీయమంతా ఒట్ల మీద నడిచింది. ఎవరు ఎంత గట్టిగా ఒట్టేశారు, ఎవరు తడబడ్డారు అన్నది చూసి మనిషిని తూచేవాడు. ఒట్టే వేయని మనిషిని తూచే తక్కెడ ఆయన దగ్గర లేదు. ఆయమ్మ చెయ్యి పోయిందని లెక్క కట్టేశాడు. ఆ కంత పూడ్చాలని కారులోంచే అవతలి పార్టీలో ఒక సభ్యుడికి ఫోను చేసి, నువ్వు మా దిక్కు చెయ్యి లేపు, రెండో సగం కుర్చీ నీది అన్నాడు. అది రైసుమిల్లాయనకు ఇస్తానన్న సగం. ముందుసీట్లో మేమిద్దరం గోడల్లా కూర్చున్నాం. అవతలాయన సరే సరే అని, ఫోను పెట్టేసి నేరుగా రైసుమిల్లాయన చెవిలోనే వేశాడు. ఇది తర్వాత తెలిసింది. తెలివి ఎక్కువైతే ఉన్నదీ పోతుందని మా అమ్మ ఊరికే అనలేదు.

మర్నాడు మండలాఫీసు. సారు ఎదురుగా ఒక కార్యకర్త ఇంటి అరుగు మీద కూర్చుని, నన్ను హాలు వరండాలో కిటికీ దగ్గర నిలబడమన్నాడు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై నాకు తెలిసినవాడు కాబట్టి ఏమీ అనలేదు. భాయ్ గేటు బయట చాయ్ బండి దగ్గర ఉన్నాడు. అక్కణ్ణుంచి ఆఫీసు గోడ తప్ప ఇంకేమీ కనబడదు.

ముందు సభ్యులందరూ ప్రమాణం చేయాలి. ఒక్కొక్కరే లేచి దైవసాక్షిగా అని చదువుతున్నారు. ఆయమ్మ వంతు వచ్చింది. ఇక్కడ కూడా గొడవేననుకున్నాను. ఆమె ఆ అధికారితో ఏదో మెల్లగా చెప్పింది. ఆయన తల కూడా ఎత్తకుండా, "ప్రమాణం వద్దంటే ధ్రువీకరిస్తున్నా అని చదవండమ్మా, రెండూ ఒకటే" అన్నాడు. ఆమె చదివి కూర్చుంది. బీచుపల్లిలో బస్సును తలకిందులు చేసిన సంగతి సర్కారులో అప్పటికే తేలిపోయి ఉంది. సారుకే ఎవరూ చెప్పలేదు.

తర్వాత కాంట్రాక్టరు పేరు చదివి చేతులెత్తమన్నారు. అన్నిటికన్నా ముందు లేచింది ఆయమ్మ చెయ్యి. గాజు లేని చెయ్యి, తెల్ల కొంగు జారుతుంటే రెండో చేత్తో సర్దుకుంటూ నిటారుగా ఎత్తింది. రైసుమిల్లాయన చేతులు బల్ల మీదే ఉన్నాయి. సారు ఫోను చేసిన అవతలి మనిషి కూడా కదల్లేదు. ఎదుటివాళ్ల పేరు చదివినప్పుడు రైసుమిల్లాయన కమిలిన చెయ్యి పైకి లేచింది. ఏడు, ఆరు. కుర్చీ పోయింది.

బయటికి వచ్చింది మాత్రం ఒక్క మాటే, ఒక చెయ్యి తగ్గిందని. ఎవరిదని ఎవరూ అడగలేదు. అందరికీ ముందురోజు నుంచే తెలుసు, చూసిన కాంట్రాక్టరూ మిగతా మా సభ్యులూ ఇంకా లోపల సంతకాల దగ్గరే ఉన్నారు. ఆయమ్మ మెట్లు దిగేసరికి సారు మనుషులు చుట్టుముట్టారు. ఒకడు గుడ్డసంచి గుంజాడు, ఒకడు చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. రైసుమిల్లాయన మెట్ల మీద నిలబడి, "కర్పూరం ఆర్పినోళ్లం మేము, నిన్ననే తెలిసింది ఈమె కథ" అని అందరికన్నా పెద్దగా అరుస్తున్నాడు. ఆమె ఒక్కసారి, "నేను లేపిన" అంది. రెండోసారి అనలేదు. చెప్పిన మాటే మళ్లీ చెప్పడం ఆమెకు అలవాటు లేదేమో, చెప్పు లేచినచోట కూడా అలవాటు మార్చుకోలేదు.

నాకు కోపం వచ్చింది. ఉద్యోగంలో గన్‌మన్‌కు కోపం ఉండకూడదు, కానీ వచ్చింది. గుంపులోకి చొరబడి ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. సారు అప్పటికే రోడ్డు దాటి వచ్చాడు.

"సార్, ఆమె చెయ్యి లేపింది. కిటికీలకెంచి నేను చూసిన. లేపనిది మిల్లాయన."

ఒక్క నిమిషం అందరూ ఆగారు. రైసుమిల్లాయనే ముందు తేరుకున్నాడు. "గుళ్ల కాడ బస్సుల కూసొని ముచ్చట్లు పెట్టినోడు ఇంకేం చెప్తడు సార్?"

సారు నా కండ్లలోకి చూశాడు. "ఒట్టేసి చెప్తవా?"

ఒట్లు నాకేం కొత్త కాదు. చిన్నప్పటినుంచి మట్టి మీద, పుస్తకం మీద, అమ్మ మీద వేసినవాణ్ణే. అందులో అబద్ధం కూడా లేదు, కండ్లారా చూశాను. కానీ నోరు రాలేదు. నేనిప్పుడు ఒట్టేస్తే, ఆమె ముందు నిలబడి, ఆమె మాట చాలదని ఒప్పుకున్నట్టే అనిపించింది.

"చూసిన సార్. చెప్పిన. గంతే," అన్నాను.

సారు మొఖం మాడిపోయింది. చెప్పు పట్టుకున్నవాడు మళ్లీ ముందుకు జరిగాడు. అప్పుడు గుంపు వెనకనుంచి, చాయ్ గ్లాసు చేతిలో అట్లాగే ఉండగా, భాయ్ వచ్చాడు.

"అల్లా కసమ్ సార్. ఆమె చెయ్యి లేపంగ నేను జూసిన. నా పిల్లల మీద కసమ్."

సారు భుజాలు దిగాయి. గుంపు మెల్లగా విడిపోయింది. చెప్పు పట్టుకున్నవాడు దాన్ని కాలికి తొడుక్కున్నాడు. సారు తిరిగి చూసేసరికి రైసుమిల్లాయన కారు కదిలిపోయింది. కిటికీ దగ్గర నిలబడి చూసినవాడి మాట పనికిరాలేదు, చాయ్ బండి దగ్గర గోడను చూసినవాడి ఒట్టు పనికొచ్చింది. నేను ఇంత సర్వీసు చేసి కోర్టుల్లో, స్టేషన్లలో ఎన్నో సాక్ష్యాలు చూశాను, అంత త్వరగా తేలిన కేసు ఇంకొకటి చూడలేదు.

ఆయమ్మను గేరిలో దింపి రమ్మని సారు మమ్మల్ని జీపులో పంపాడు. దారిలో నేను భాయ్‌ని అడిగాను. "నువ్వు యాడ జూసినవ్ భాయ్?"

"నువ్వు జూసినవ్ గద. ఆయనకు కసమ్ కావాలె, నా దగ్గర మస్తున్నయ్, ఒకటిచ్చిన."

వెనక సీట్లో ఆయమ్మ విన్నది. సంతోషపడుతుందనుకున్నాం. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. చెప్పు ఎత్తినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"నా కోసం చూడంది చూసిన్నన్నవా అన్నా? పిల్లల మీద పెట్టినవా?"

"పిల్లలకేం కాదు ఆయమ్మా. వాళ్లు నా మాటే వినరు, కసమ్ ఏం వింటరు."

ఆమె నవ్వలేదు. గేరి ముందర అయ్యగారూ కొందరు మనుషులూ నిలబడి ఉన్నారు. ఆయమ్మ అమ్ముడుపోయిందన్న మాట మా జీపుకన్నా ముందే వచ్చింది. నేను దిగి, సంగతంతా చెబుదామని గొంతు సవరించుకున్నాను. అయ్యగారు నన్ను చూడనే లేదు.

"ఏం చేసినవమ్మా?"

"అన్నట్టే లేపిన అయ్యగారూ."

"సరే, లోపలికి రా. పొద్దుటిసంది ఏం తినలేదు గద."

అంతే. ఎవరూ ఇంకేం అడగలేదు. నేను చెబుదామనుకున్నదంతా నా దగ్గరే మిగిలిపోయింది. సాక్షిగా నిలబడి అంత అక్కర్లేనివాణ్ణి అయినందుకు నాకు కొంచెం సిగ్గేసింది, ఎక్కువ సంతోషమేసింది.

సారుకు రెండుమూడు రోజుల్లో నిజం పూర్తిగా తెలిసింది. రైసుమిల్లాయన కొత్త అధ్యక్షుడి పక్కన పూలదండతో తిరగడం మొదలుపెట్టాక తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆయమ్మ గురించి సారు మా ముందు ఏమీ అనలేదు. సమాధుల జాగా మాట ఎవరైనా ఎత్తితే, మండలం చేతిలో లేదు, ఏం చేస్తాం అన్నాడు మొదట్లో. తర్వాత ఆ మాట కూడా అనడం మానేశాడు. ఆ నడుమ ఇంకో పెద్దవాన పడింది.

దశాబ్దం చివర పెద్ద ఎన్నికలొచ్చాయి. భాయ్ అప్పటికి రిటైరయ్యాడు. సారు మళ్లీ తెల్లచొక్కా వేసుకుని ఆదివారం ఆ చర్చికి పోయాడు. నేను మళ్లీ బూట్లు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈసారి కుర్రవాళ్ల ఉత్సాహం ఇంకా ఎక్కువగా ఉంది. అయ్యగారు కూడా వాళ్లవైపే జరిగినట్టున్నాడు. "పైన మన విశ్వాసి ఉన్నన్ని రోజులు మన సంఘం చెయ్యి విడవది సార్. మా ఓట్లన్నీ మీకే" అన్నాడు. సారు దండం పెట్టి, బయటికి వస్తూ చెప్పుల దగ్గర ఆయమ్మను చూసి ఆగాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఏం ఆయమ్మా, ఈసారి గూడ మా దిక్కే గద?"

అక్కడ ఇంకో పదిమంది ఉన్నారు. ఎవరైనా ఏమంటారు? మీకే సారూ అంటారు. అవతలివాళ్లు వస్తే వాళ్లకూ అదే అంటారు. ఓటు అడిగినవాడి మొఖం మీద కాదనేవాళ్లను నేను ఎప్పుడూ చూడలేదు, సారు కూడా చూసి ఉండడు.

"కాదు సారూ," అంది ఆయమ్మ. "నేనిచ్చిన మాట అయిపోయింది. మీరిచ్చింది అట్లనే ఉన్నది. సంఘమోళ్లు ఎట్లనన్న వేసుకోనీ. నేనైతే కాదు."

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. సారు చెప్పులు తొడుక్కుని కారెక్కాడు. వెనక సీట్లో ఉన్న కార్యకర్త ఊరూరి లెక్క చెబుతూ, ఈ గేరి మొత్తం మనకే సార్, అయ్యగారే అన్నడు గద అన్నాడు.

"ఈ గేరి పోయింది," అన్నాడు సారు.

"ఒక్క ముసలామె అంటే..."

"పోయిందంటున్న గద."

కారు వాగు దాటింది. ఆమెను ఒట్టేసి చెప్పమని అడగాలని ఆ రోజు సారుకు తోచనే లేదు.